ఖాళీ కొంగు

ధర్మవరం నేతగాళ్ళ వీధిలో చౌడప్ప అని చీరల డిజైన్లు గీసే మనిషి ఉండేవాడు. నియమం పెట్టుకోవడంలో ఎంత హుషారో, ‘ఈ ఒక్కసారికి’ అంటూ దాన్ని పక్కన పెట్టడంలోనూ అతనికి అంతే హుషారు.

రోజూ పొద్దున్నే నడవాలనుకున్నాడంటే కొత్త బూట్లు కొని, వీధి వీధంతా చూసేలా నడక మొదలుపెట్టేవాడు. ఒకరోజు మబ్బు పట్టగానే ఈ ఒక్కసారికి అని ముసుగు తన్నేవాడు. ఆ తర్వాత ఆ బూట్లు గూట్లోనే ఉండిపోయేవి. కాఫీలో చక్కెర మానేసినా అంతే. ఎవరింటికైనా పోయినప్పుడు, ఈ ఒక్కసారికి అని రెండు చెంచాలు వేయించుకునేవాడు. భార్య నాగరత్న చూసి నవ్వేది. నడక మానినా, చక్కెర తిన్నా చెడేది అతని ఒళ్ళే కదా అని సరిపెట్టుకునేది.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ముందు గదిలో కంప్యూటరు దగ్గర కూర్చుని చీర అంచునూ కొంగునూ చిన్న చిన్న గళ్ళుగా గీసేవాడు. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గీసింది అట్టలు కొట్టేవాడి దగ్గరికి పోతే, అతను దాని ప్రకారం అట్టలకు చిల్లులు పొడిచేవాడు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కితే, చిల్లును బట్టి పోగు లేచేది, పువ్వు పడేది. చీర పుట్టేది మగ్గం మీదే అయినా, అంతకుముందు దాని ప్రాణం చౌడప్ప కంప్యూటర్లో ఉండేది.

ఒక వేసవిలో కరెంటు ఉన్నట్టుండి ఎక్కువై ఆ కంప్యూటరు మాడిపోయింది. ఏడాదిగా గీసిన డిజైన్లన్నీ దాంతోపాటే పోయాయి. చౌడప్ప అన్నం కూడా ముట్టకుండా గోడకానుకుని కూర్చున్నాడు. సంగతి తెలిసి మేనకోడలు హిమజ అనంతపురం నుంచి వచ్చింది. ఆ అమ్మాయి అక్కడ పాలిటెక్నిక్‌లో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. మామను ఓదారుస్తూ కూర్చోవడం కంటే, మళ్ళీ ఇలా జరగకుండా చూడటమే మేలనుకుంది.

కొత్త కంప్యూటరు కొన్నాక, నకళ్ళు తీసే సాఫ్ట్‌వేర్లు రెండు ఎక్కించి చూపించింది. మొదటిది చూడటానికి ముచ్చటగా ఉంది. కంప్యూటర్లో ఏముంటే అది, అప్పటికప్పుడు, అద్దంలో బొమ్మలా పక్కనున్న డిస్కులోకి దించేస్తుంది. చౌడప్పకు అది తెగ నచ్చేసింది. రెండోదానికి రంగూ లేదు, హంగూ లేదు, పైగా నిదానం. హిమజ ఏమీ అనకుండా ఒక నెమలి డిజైను తెరిచి, దాని తోక చెరిపేసి, అలాగే సేవ్ చేసింది. అద్దంలాంటి సాఫ్ట్‌వేరు ఆ తోక లేని నెమలినే డిస్కులోకీ దించేసింది. మొదటి నెమలి ఇక ఎక్కడా లేదు. రెండో సాఫ్ట్‌వేరు మాత్రం తోక లేని నెమలిని దాచుకుంటూనే, తోక ఉన్న నెమలిని కూడా వేరుగా ఉంచింది.

“నువ్వు చేసిన తప్పును కూడా అది నకలు తీసేస్తుంది మామా,” అంది హిమజ. “నీకు కావలసింది అద్దం కాదు. నిన్నటిది కూడా దాచిపెట్టేది కావాలి.”

అలా రెండోదే ఖాయమైంది. రోజూ సాయంత్రం అది ఇంట్లో ఉన్న డిస్కులోకి ఒక నకలు తీస్తుంది. ఇంకో నకలును పగలంతా కొద్దికొద్దిగా ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లలోకి పంపుతుంది. ఇవి రెండూ వాటంతట అవే జరిగిపోతాయి. మనిషి చేతుల్లో ఉన్న పని ఒక్కటే. డిస్కులు రెండు కొన్నారు. ఒకటి చౌడప్ప ఇంట్లో, ఇంకొకటి రైలు గేటు అవతల అతని అక్క సుంకులమ్మ ఇంట్లో. ఈ సుంకులమ్మే హిమజ తల్లి. ఆదివారం వచ్చిందంటే ఇంట్లో ఉన్నది తీసుకుపోయి అక్కకివ్వాలి, అక్క దగ్గరది తెచ్చుకోవాలి. ఆ చేతులు మారే కాసేపు తప్ప, రెండు డిస్కులూ ఒక కప్పు కింద ఉండనే కూడదు. ఇల్లు మునిగినా, కాలినా, దొంగలు పడినా ఒకటి మిగలాలని హిమజ నొక్కి చెప్పింది. దూరాన ఉన్న నకలును నెలకోసారి తెరిచి, అంతా సరిగా ఉందో లేదో చూసుకోమని కూడా చెప్పి ఊరికి పోయింది.

చౌడప్ప సంబరం చూడాలి. వీధిలో కనిపించిన ప్రతివాడినీ నిలబెట్టి తన ఏర్పాటు వివరించాడు. ఆదివారం పొద్దున్నే డిస్కును తుండుగుడ్డలో చుట్టి స్కూటరు మీద రైలు గేటు దాటిపోయేవాడు. సుంకులమ్మ బొరుగుల ఉగ్గాని పెట్టి, బీరువాలో చీరల కింద ఉన్న డిస్కు తీసి మార్చి ఇచ్చేది. చెప్పొద్దూ, చాన్నాళ్ళు ఒక్క వారం కూడా తప్పలేదు. నాగరత్న కూడా ఇక ఈయన మారాడనే అనుకుంది.

అప్పుడు వచ్చింది ఓబుళమ్మ అవ్వ పని.

అవ్వ అదే వీధి చివరింట్లో కొడుకూ కోడలూ మనవరాలితో ఉండేది. ఆమె దగ్గర ఒక పాత పట్టుచీర ఉంది. ఆమె కడుపులో ఉండగా వాళ్ళమ్మ తన కోసమని తన చేత్తో నేసుకున్న చీర అది. మడతల వెంబడి చిరిగి, పట్టుకుంటే రాలిపోయేలా ఉంది. అలాంటి అంచు, అలాంటి హంసల కొంగు ఇప్పుడు ఆ ఊళ్ళో ఏ మగ్గం మీదా లేవు. తాను పోయేలోగా ఆ చీరను మళ్ళీ నేయించుకుని ఒక్కసారి కట్టుకోవాలని అవ్వ కోరిక. డిజైను చౌడప్ప దించాలి. చీర ఆమె కొడుకు పోతులయ్య నేస్తాడు.

అవ్వ ఊరికే నమ్మే మనిషి కాదు. ముందు అంచు తునకలు మాత్రమే ఇచ్చింది. అవి సరిగా దించి చూపిస్తేనే కొంగు ఇస్తానంది. ఉన్నది ఉన్నట్టు దించాలి, వంకరగా ఉందని ఏదీ సరిచేయకూడదు అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. చీర మగ్గం దిగేదాకా డిజైను ఎవరి కంటా పడకూడదని కూడా మాట తీసుకుంది. ఆ వీధిలో అది మామూలే. ఒక్క ఫోటో ఫోన్లలో పొక్కిందంటే, వారం తిరక్కుండా పక్క వీధి మగ్గాల మీద అదే చీర ఉంటుంది. అందుకే చౌడప్ప ఫోన్‌తో ఫోటో తీయలేదు. తునకలను స్కానరు మీద పరిచి నేరుగా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు.

అంచు పూర్తయింది. అవ్వ కళ్ళజోడు సవరించుకుని తెర మీద అంగుళం అంగుళం చూసింది. మరుసటి రోజు కొంగు తెచ్చి ఇస్తానని చెప్పి పోయింది.

ఆమె అలా పోయిందో లేదో, బెంగళూరు వ్యాపారి ఒకతను వీడియో కాల్‌లో వేరే డిజైన్లు చూస్తానన్నాడు. శ్రావణమాసం, పెళ్ళిళ్ళ గిరాకీ. మాట మాటకూ బొమ్మ ఆగిపోతోంది. సాఫ్ట్‌వేరు అంచు డిజైను అంతా దూరాన ఉన్న కంప్యూటర్లకు పంపేసి, ఇంకా ఏవో చిన్నాచితకావి పంపుతూ ఇంటర్నెట్ అంతా లాగేస్తోంది. చౌడప్ప ఈ ఒక్కసారికి అని ఆ పంపడాన్ని ఆపేశాడు. సాయంత్రం మళ్ళీ మొదలుపెడదామనుకున్నాడు. సాయంత్రం చుట్టాలొచ్చారు. పొద్దున అవ్వ కొంగు తెచ్చింది. ఆ హంసలను చూశాక అతనికి లోకం పట్టలేదు.

పంపడం ఆగిపోయిందని చెప్పే చిన్న ఎర్ర గుర్తు తెర మూలలో వెలుగుతూనే ఉంది. గళ్ళు గీస్తుంటే కంటికి అడ్డమని కొన్నాళ్ళకు దాన్ని కూడా కనబడకుండా చేసేశాడు. ఇంట్లో డిస్కు మీద పచ్చ దీపం రోజూ వెలుగుతోంది, ఆదివారం డిస్కులు మారుతున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాడు. దూరాన ఉన్న నకలును తెరిచి చూసుకోవడం కూడా ఈ ఒక్కసారికి, ఈ ఒక్కసారికి అంటూనే మరుగున పడిపోయింది. హిమజ ఫోన్ చేసి అడిగితే అంతా బాగానే ఉందని చెప్పాడు. మోసం చేయాలని కాదు, అతను నిజంగానే అలా నమ్మాడు.

కొంగు గీయడానికి వారాల తరబడి పట్టింది. ఎదురెదురుగా రెండు హంసలు, వాటి మధ్య మామిడి పిందెలు, చుట్టూ సన్నని తీగ. ఒక్కో గడీ తునకతో సరిచూసుకుంటూ గీశాడు. అక్కడక్కడ పోగులు తప్పిన చోట్లు కనిపించాయి. పాత చీర కదా అనుకుని, అవ్వకు ఇచ్చిన మాట ప్రకారం వాటిని కూడా ఉన్నవి ఉన్నట్టే దించాడు. చివరి గడి నింపాక అవ్వను పిలిచాడు. ఆమె తెర మీద ఒకచోట వేలు పెట్టి, చాలాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఈ చినిగిన తునకలు ఏం చేయాలని అడిగింది.

“ఇక వాటితో పని లేదవ్వా. మీ అమ్మ చీర నా దగ్గర భద్రంగా ఉంది. ఇల్లు కాలినా పోదు,” అన్నాడు చౌడప్ప ధీమాగా.

అవ్వ ఆ మాట నమ్మింది. పాత జరీ చీరలు కొనే మనిషికి ఆ తునకలిచ్చింది. అప్పటి జరీలో అసలైన వెండి ఉండేది. చీరను కాల్చి ఆ వెండి తీస్తారు. అవ్వ ఆ వెండినే అడిగి తీసుకుని, దానికి ఇంకొంత కలిపి మనవరాలు మోక్షితకు సన్నని పట్టీలు చేయించింది. ముత్తవ్వ చీర తన కాళ్ళకొచ్చిందని చెప్పుకుంటూ ఆ పిల్ల వీధంతా గలగలమని తిరిగింది.

విజయదశమి మంచి రోజు, ఆ రోజున అట్టలు కొట్టించడం మొదలుపెడదామని అనుకున్నారు. దానికి ముందు రోజు ఆయుధ పూజ.

ఆయుధ పూజ అంటే నేతగాళ్ళ వీధికి పెద్ద పండగ. మగ్గాలు తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, పూలు కట్టి, గుమ్మడికాయ కొడతారు. చౌడప్పకు మగ్గం లేదు, ఉన్నది కంప్యూటరే. అన్నం పెట్టే ప్రతి వస్తువూ పూజలో ఉండాలని అతని పట్టుదల. కంప్యూటరు, స్కానరు, ఇంట్లో ఉన్న డిస్కు, అన్నీ సర్దాక ఒక లోటు కనిపించింది. అక్క ఇంట్లో ఉన్న డిస్కు లేదు. వెంటనే స్కూటరు తీశాడు.

ఆదివారం కాని రోజున వచ్చిన తమ్ముణ్ణి చూసి సుంకులమ్మ తెల్లబోయింది. సంగతి విని బీరువా తాళంచెవి గుప్పిట్లో బిగించుకుంది.

“ఇంట్లోది తెచ్చినావా?” అంది.

“లేదక్కా. రెండూ పూజలో పెట్టాల.”

“రెండూ ఒకచోట పెట్టొద్దని హిమజ చెప్పలేదా? దీనికి నేనే ఈడ బొట్టు పెడతా, పువ్వు పెడతా, హారతి ఇస్తా. నువ్వు పో.”

ఎంత చక్కని మాట. దేవుడికి లోటు లేదు, డిస్కుకూ భయం లేదు. కానీ చౌడప్ప చెవికెక్కితే కదా. తన ఇంటి పనిముట్టుకు ఇంకో ఇంట్లో బొట్టేమిటన్నాడు. ఏడాదికి ఒక్క పూజ అన్నాడు. పొద్దు గుంకేలోగా తెచ్చి బీరువాలో పెడతానని అక్క చెయ్యి పట్టుకుని ఒట్టు వేశాడు. పండగపూట తమ్ముడితో రగడ ఎందుకని సుంకులమ్మ మెత్తబడింది. డిస్కు చేతికిస్తూ కూడా, తనకు మనసొప్పడం లేదని చెప్పింది.

“ఈ ఒక్కసారికే కదక్కా,” అన్నాడు చౌడప్ప.

ఇంటికొచ్చి కంప్యూటరు మీద పట్టు కండువా కప్పాడు. బల్ల చుట్టూ రంగు కాగితాల తోరణాలు కట్టాడు. రెండు డిస్కులనూ తమలపాకుల మీద పక్కపక్కన పెట్టి బొట్లు పెట్టాడు. అటొక దీపం, ఇటొక దీపం వెలిగించాడు. అవ్వ డిజైనుకు ఏ విఘ్నమూ రాకూడదని మనసారా మొక్కుకున్నాడు. నాగరత్న హారతి ఇచ్చింది.

అంతలో గుమ్మడికాయ కొట్టే వేళయిందని వీధిలో డప్పు మోగింది. అందరూ మగ్గాల షెడ్డు ముందు చేరుతున్నారు. పట్టు ఉన్న ఇంట్లో దీపాన్ని ఒంటరిగా వదిలి గడప దాటకూడదని ఆ వీధిలో పుట్టిన ప్రతివారికీ తెలుసు. దీపాలను కింద నేల మీద పెట్టి పోదామని నాగరత్న అంది. పూజ దీపాన్ని కదిలించకూడదని చౌడప్ప అడ్డం పడ్డాడు. ఎంతసేపు, ఇలా వెళ్ళి అలా వస్తాం, ఈ ఒక్కసారికి ఉండనీ అన్నాడు. కిటికీ తెరిచే ఉంది. దాన్ని మూయాలని ఇద్దరికీ తోచలేదు.

గుమ్మడికాయ పగిలింది. అందులోని చిల్లర కోసం పిల్లలు ఎగబడ్డారు. ఆ గోలలో ఎవరో పొగ పొగ అని అరిచారు. చౌడప్ప తలెత్తి చూశాడు. తన ఇంటి కిటికీలోంచి నల్లటి పొగ సుళ్ళు తిరుగుతూ బయటికి వస్తోంది.

అంత దూరం ఎలా పరుగెత్తాడో అతనికే తెలియదు. నాగరత్న అతని కంటే ముందు పోయి మెయిన్ స్విచ్చి ఆపేసింది. కాగితాలూ కండువా అప్పటికే భగ్గుమని, మంట బల్లను చుట్టేసింది. చౌడప్ప లోపలికి దూకబోతే పోతులయ్య నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. వీధి వీధంతా బిందెలతో నీళ్ళు, గంపలతో ఇసుక తెచ్చి పోసింది. మంట చల్లారింది. మనుషులకేమీ కాలేదు. ఇల్లూ దక్కింది. కాలింది ఆ బల్ల ఒక్కటే. అన్నీ ఉన్నది ఆ బల్ల మీదే.

కంప్యూటరు కరిగి వంగిపోయింది. రెండు డిస్కులూ ఒకదానికొకటి అతుక్కుని నల్లటి ముద్దయ్యాయి. చౌడప్ప వాటిని విడదీయబోయి వేళ్ళు కాల్చుకున్నాడు. ఇల్లు మిగిలింది, అదే పదివేలు అని అందరూ ధైర్యం చెప్పారు. అతనికి ఒక్క మాటా వినపడలేదు. ఇల్లు కాలినా మీ అమ్మ చీర పోదవ్వా అని తాను అన్న మాటే చెవుల్లో మోగుతోంది.

అంతలో ఒక్కసారిగా అతనికి గుర్తొచ్చింది. దూరాన ఒక నకలు ఉంది కదా. వెంటనే హిమజకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. ఆ అమ్మాయి కంగారుపడకుండా, ఉండు మామా చూస్తున్నా అని తన లాప్‌టాప్ తెరిచింది. చౌడప్ప ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. నాగరత్న చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అతని మొహమే చూస్తోంది.

అంచు దొరికిందని హిమజ చెప్పింది. తెరిచి చూసి, అన్ని గళ్ళూ చక్కగా ఉన్నాయంది. చౌడప్పకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దేవుడున్నాడని నాగరత్న దండం పెట్టింది. కొంగు చూడమన్నాడు చౌడప్ప. అవతల కీబోర్డు టకటకలాడింది.

“మామా, కొంగు ఏదీ కనపడలేదు.”

“బాగా చూడు అమ్మీ.”

“చూశాను. శ్రావణంలో ఒక రోజు దాకా అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఆ రోజు ఏం చేశావు?”

బెంగళూరు వ్యాపారి, ఆగిపోతున్న బొమ్మ, మూలన వెలిగిన ఎర్ర గుర్తు, అన్నీ అతని కళ్ళ ముందు తిరిగాయి. ఆపేశానని గొణిగాడు. ఎందుకు ఆపావని హిమజ అడిగింది. చెప్పడానికి అతని దగ్గర ఒక్క మాటే ఉంది. ఫోన్ తీసి నాగరత్న చేతిలో పెట్టేశాడు.

నియమం నిలబెట్టిన రోజుల్లో చేసిన పనంతా మిగిలింది. దాన్ని వదిలేసిన రోజు నుంచి చేసిన పనంతా పోయింది. కాలిన ముద్దను బెంగళూరు తీసుకుపోయి, చెడిన డిస్కుల నుంచి వివరాలు రాబట్టే మనిషికి చూపిస్తే, అతను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

అవ్వ వచ్చింది. వేళ్ళకు కట్టు చూసి అయ్యో అంది. తర్వాత భయం భయంగా, అమ్మ చీర ఏమైందని అడిగింది. పక్కన మోక్షిత పట్టీల కాళ్ళు ఆడిస్తూ నిలబడింది. చౌడప్ప ఆ పట్టీల వైపు చూడలేకపోయాడు. నిజం గొంతు దాకా వచ్చింది. భద్రంగా ఉందవ్వా, దూరాన దాచిన నకలు ఉంది, ఏమీ పోలేదు అనేశాడు. అవ్వ అతని తల నిమిరి, చల్లగా ఉండు నాయనా అని దీవించి పోయింది.

నాగరత్న తలుపు వేసి నిలదీసింది. చౌడప్ప దగ్గర సమాధానం తయారుగా ఉంది. అంచు ఎలాగూ ఉంది, కొంగు తన చేత్తో గీసిందే, కళ్ళు మూసుకున్నా ఆ హంసలు కనిపిస్తాయి, మళ్ళీ గీసేస్తాను అన్నాడు. ముసలి ప్రాణాన్ని బాధ పెట్టడం దేనికి, ఈ ఒక్కసారికి ఒక అబద్ధం ఆడితే ఏమన్నాడు. నాగరత్న ఈసారి నవ్వలేదు. మూడు పూటలా వండి పెట్టింది, మాట్లాడటం మాత్రం మానేసింది.

చౌడప్ప కొత్త కంప్యూటరు తెచ్చి, కంటి మీద కునుకు లేకుండా కొంగు గీశాడు. హంసలు ఎదురెదురుగా కూర్చున్నాయి. పిందెలు, తీగ, అన్నీ కుదిరాయి. నిజం చెప్పాలంటే మునుపటి కంటే నున్నగా, సొగసుగా వచ్చింది. పోగులు తప్పిన చోట్లు ఎక్కడెక్కడ ఉండేవో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అవి లేకపోతే చీరకు అందమే కదా అని మనసును జోకొట్టాడు. అట్టలు వచ్చాయి. పోతులయ్య ముందు మచ్చుకు ఒక కొంగు ముక్క నేశాడు. చూడటానికి రమ్మని అవ్వ కబురు పెట్టింది.

చౌడప్ప వెళ్ళేసరికి అవ్వ మగ్గం పక్కన చాప మీద కూర్చుని ఉంది. కొంగు ముక్కను ఆమె ఒళ్ళో పరిచారు. పోతులయ్య, కోడలు, నాగరత్న చుట్టూ నిలబడ్డారు. అవ్వ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. కళ్ళు మూసుకుని, ఎడమ వైపు హంస మెడ మీద వేలు ఆనించి, మెల్లగా పైనుంచి కిందికి తడిమింది. మళ్ళీ కింది నుంచి పైకి తడిమింది. వేలు దేనికోసమో వెతుకుతోంది. అది దొరకడం లేదు. మోక్షిత కూడా కదలకుండా చూస్తోంది.

“బాగుంది నాయనా. చాలా బాగుంది,” అంది అవ్వ కళ్ళు తెరిచి. “కానీ ఇది మా అమ్మది కాదు.”

చౌడప్ప వంగి ఆ హంస మెడ వైపు చూశాడు.

“ఈ మెడ నేస్తా ఉంటే మా అమ్మకు నొప్పులొచ్చినాయంట. చెయ్యి అదిరి, ఈడ పోగులు తప్పినాయి. ఆ దినమే నేను పుట్టినా. చిన్నప్పుడు ఆ గరుకు మీద వేలు పెట్టుకుంటేనే నాకు నిద్ర పట్టేది. మొన్న నీ తెర మీద కూడా ఉండె కదా, చూసినా. ఇప్పుడు యాడికి పాయె?”

చౌడప్ప ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. పంపడం ఆపేసిన రోజు, కనబడకుండా చేసిన ఎర్ర గుర్తు, అక్క వద్దన్నా తెచ్చిన డిస్కు, వదిలిపోయిన దీపం, చివరికి ఆడిన అబద్ధం, అన్నీ వరసగా చెప్పేశాడు. పోతులయ్య కోపంతో ఊగిపోతూ మీదికి వచ్చాడు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టి కొడుకును ఆపింది.

“నువ్వు చెప్పినావనే అమ్మ చీర కాల్పించినా నాయనా,” అంది.

ఆ ఒక్క మాటే అంది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆమె తిట్టి ఉంటే తన గుండె కాస్త తేలికపడేదేమో అని చౌడప్పకు అనిపించింది. చేతులు జోడించి, ఆ చోటు ఎక్కడో చూపించవ్వా, అక్కడ పోగులు తప్పించి గీస్తానని బతిమాలాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. నొప్పికి అదిరిన చెయ్యి వేరు, కావాలని తప్పించిన చెయ్యి వేరు అంది. అంచు మా అమ్మదే కాబట్టి అది నెయ్యండి, కొంగు ఖాళీగా వదిలెయ్యండి అని చెప్పి, ఆ ముక్కను మడిచి చౌడప్ప చేతిలో పెట్టింది.

అలాగే నేశారు. ఉగాది నాడు అవ్వ ఆ చీర కట్టుకుని మనవరాలి చెయ్యి పట్టుకుని గుడికి పోయింది. అంచు నిండా పాతకాలపు జరీ పని, భుజం మీద మాత్రం ఒక్క పువ్వు కూడా లేని ఉత్త పట్టు. వీధిలో వాళ్ళు ఆగి ఆగి చూశారు. చౌడప్ప గడప దగ్గర నిలబడి చూశాడు. అవ్వ అతన్ని పలకరించింది కూడా. ఆ పలకరింపుకు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మరుసటి ఏడు ఆయుధ పూజకు డిస్కు సుంకులమ్మ ఇంట్లోనే బొట్టు పెట్టించుకుంది. ఎర్ర గుర్తు కనిపిస్తే చౌడప్ప అన్నం ముందు కూర్చున్నా లేచిపోయి సంగతేమిటో చూసేవాడు. వాన కురిసినా, ఒళ్ళు వెచ్చబడినా ఆదివారం రైలు గేటు దాటేవాడు. ఎప్పుడైనా బద్ధకం వేసి పాత మాట నాలుక చివరికి వస్తే, అదే సమయానికి వీధిలో మోక్షిత పట్టీలు గలగలమనేవి. అతను మారు మాట్లాడకుండా తుండుగుడ్డలో డిస్కు చుట్టుకుని స్కూటరు తీసేవాడు.

ఆపద ఎవరికీ చెప్పి రాదు. కాబట్టి మనల్ని కాపాడే నియమాన్ని ‘ఈ ఒక్కసారికి’ అని ఏ ఒక్కసారీ వదలకూడదు.